నొప్పి పోవడం వేరు, మోకాలు కోలుకోవడం వేరు



ఈ వారం మోకాలి గురించి మాట్లాడుకుందాం. మోకాలు అనగానే పెద్దవాళ్ళ కీళ్ళనొప్పులు గుర్తుకు వస్తాయి. ఇది అది కాదు. ఆటలాడే మన పిల్లల మోకాలి సంగతి.

మీ ఇంట్లో పదహారేళ్ళ అమ్మాయి ఉందనుకోండి. శృంగవరపుకోటలో ఇంటర్మీడియట్ చదువుతోంది, కబడ్డీ బాగా ఆడుతుంది. ఒక సాయంత్రం కూతకు వెళ్ళి, తిరిగి గీత వైపు రాబోతూ ఒంటికాలి మీద గిరుక్కున మళ్ళింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తొయ్యలేదు. మోకాలిలో ‘టప్’ మని శబ్దం వచ్చింది, పడిపోయింది. రెండు మూడు గంటల్లో మోకాలు కుండలా వాచింది. ఆ తరువాత ఆసుపత్రి, స్కాను, ఆపరేషను. అన్నీ గడిచి ఆరో నెల వచ్చింది. ఇప్పుడు అమ్మాయి మీ దగ్గరకు వచ్చి, “నాన్నా, నొప్పి అసలు లేదు. వచ్చేవారం జిల్లా జట్టు ఎంపికలు. వెళ్ళొస్తాను” అంటుంది.

మీరు ఏమంటారు? ఆ జవాబు కోసమే ఈ పాఠం.

తెగినది నరం కాదు

ఊళ్ళో దీన్ని ‘నరం తెగింది’ అంటారు. నిజానికి తెగినది నరం కాదు, లిగమెంటు. తొడ ఎముకను మోకాలి కింది ఎముకతో కట్టి ఉంచే గట్టి తాడు వంటిది ఇది. మోకాలి మధ్యలో ఇలాంటివి రెండు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. వాటిలో ముందుదాన్ని డాక్టర్లు ఏ.సి.ఎల్. అంటారు. కింది ఎముక ముందుకు జారిపోకుండా, మళ్ళినప్పుడు మోకాలు మెలిపడకుండా ఆపేది ఇదే. ఒక్కసారిగా ఆగినప్పుడు, పక్కకు మళ్ళినప్పుడు, గెంతి ఒంటికాలి మీద దిగినప్పుడు ఇది తెగుతుంది. ఎదుటివాడు తగలకుండానే తెగడం చాలా సాధారణం. ఒకే రకం ఆట ఆడే వారిలో అబ్బాయిలకంటే అమ్మాయిలకు ఈ గాయం ఎక్కువగా అవుతుంది.

దెబ్బ తగిలిన రోజే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఆట ఆపాలి. బట్టలో చుట్టిన మంచుగడ్డ పెట్టాలి. కాలు ఎత్తుగా ఉంచాలి. వాచిన మోకాలికి తైలం పెట్టి మర్దన చేయించకండి. నాటు కట్టు కట్టించి రోజులు పోగొట్టుకోకండి. విరిగిన ఎముక అతుక్కున్నట్టు పూర్తిగా తెగిన లిగమెంటు అతుక్కోవడం అరుదు. వాపు తగ్గగానే పిల్ల మామూలుగా నడుస్తుంది కాబట్టి కట్టు వల్లే నయమైందనిపిస్తుంది. మళ్ళీ మైదానంలోకి దిగి మళ్ళినప్పుడు మోకాలు జారుతుంది. అలా జారిన ప్రతిసారీ లోపల నెలవంక ఆకారంలో ఉండే మెత్తటి ఎముక, అంటే మెనిస్కస్, నలిగిపోయే ప్రమాదం ఉంది. కనుక ఎముకల డాక్టరుకు చూపించండి. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. ఖర్చు విషయంలో, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై తరువాత డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా పేరు మారిన పథకం మీ చికిత్సకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను ముందే అడగండి.

అందరికీ ఆపరేషను అవసరం ఉండదు. కొందరికి వ్యాయామ చికిత్స సరిపోతుంది. ఇంకా ఎదుగుతున్న పిల్లలకు ఎముక చివర్లలో పెరుగుదల పొరలు ఉంటాయి. వాటికి హాని కలగకుండా ఆపరేషను చేసే పద్ధతులు వేరు. ‘మా పిల్ల ఎదుగుదల పూర్తయిందా?’ అని డాక్టరును తప్పక అడగండి.

ఇంట్లో మొదటి నెల

ఆపరేషనులో డాక్టరు సాధారణంగా పిల్ల శరీరం నుంచే ఒక స్నాయువు ముక్క తీసి, తెగిన లిగమెంటు స్థానంలో అమరుస్తారు. అక్కడితో డాక్టరు పని చాలావరకు అయిపోతుంది. ఇంటివారి పని అప్పుడు మొదలవుతుంది.

ప్రేమతో మనం చేసే మొదటి పొరపాటు మోకాలి కింద దిండు పెట్టడం. పిల్లకు సుఖంగానే ఉంటుంది. కాని మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. మొదటి వారాల్లో మోకాలు పూర్తిగా చాపడం రావాలి. అందుకు దిండు గాని, చుట్టిన తువాలు గాని మడమ కింద పెట్టాలి, మోకాలి కింద కాదు.

రెండవ పొరపాటు పథ్యం. ‘పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది’ అని మన పెద్దలు అన్నంలో చారు మాత్రమే పెడతారు. ఆపరేషను తరువాత తొడ కండరం కొద్ది వారాల్లోనే సన్నబడిపోతుంది. దాన్ని తిరిగి పెంచాలంటే పప్పు, గుడ్డు, చేప, పాలు కావాలి. మన చోడి అంబలి మంచిదే, కాని అది ఒక్కటే చాలదు. డాక్టరు వద్దన్నది మానండి, పక్కింటివారు వద్దన్నది కాదు.

మూడవది మరుగుదొడ్డి. గొంతుక్కూర్చోవడం చాలాకాలం కుదరదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే ముందే కమోడ్ కుర్చీ ఏర్పాటు చేయండి. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికీ తొందరపడవద్దు. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు గాయపడిన కాలు ముందు అని పిల్లకు నేర్పండి.

జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి రసి కారినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇక ఫిజియోథెరపీ. కోట నుంచి విశాఖకు వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు అవుతాయి. ప్రతిరోజూ వెళ్ళడం చాలామందికి సాధ్యం కాదు. అందుకని వెళ్ళిన రోజున ఫిజియోథెరపిస్టు చేయించిన ప్రతి వ్యాయామాన్నీ వారి అనుమతితో ఫోనులో తీసుకోండి. ఎన్నిసార్లు, ఏ పూట, ఎంత నొప్పి వస్తే ఆపాలి అని అడిగి రాసుకోండి. ఇంట్లో గోడకు ఒక కాగితం అంటించి, చేసిన రోజున గీత పెట్టించండి. తమ్ముడికి ఆ లెక్క అప్పగిస్తే ఇంకా మంచిది. వాడు ఒక్కరోజు కూడా వదిలిపెట్టడు!

ప్రమాదం మొదటి నెలలో కాదు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మొదటి నెలలో పిల్ల కర్రలతో నడుస్తుంటే అందరం జాగ్రత్తగా ఉంటాము. నాలుగో నెల దాటాక కర్రలు ఉండవు, వాపు ఉండదు, నొప్పి ఉండదు. పిల్ల మెల్లగా పరుగు కూడా తీస్తుంది. అప్పుడే జాగ్రత్త సడలుతుంది.

లోపల జరుగుతున్నది వేరు. అమర్చిన స్నాయువు మొదటి రెండు మూడు నెలల్లో పెట్టిననాటికంటే బలహీనపడుతుంది. తరువాత దానిలోకి కొత్త రక్తనాళాలు పాకి, అది నెమ్మదిగా లిగమెంటుగా మారుతుంది. ఈ మార్పుకు ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. వరినారు పాతుకున్నాక పైకి పచ్చగా కనిపిస్తుంది. అంతమాత్రాన కోతకు వచ్చిందని ఎవరమూ కొడవలి తీయము కదా!

నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఒక సంగతి తేలింది. ఆపరేషను తరువాత తొమ్మిది నెలల వరకు, ఆటలోకి తిరిగి వెళ్ళడం ఒక్కొక్క నెల ఆలస్యమైనకొద్దీ, మోకాలికి మళ్ళీ గాయమయ్యే అవకాశం సుమారు సగానికి తగ్గుతూ వచ్చింది. అదే ఏడాది వెలువడిన మరొక సమీక్ష ప్రకారం, 25 ఏళ్ళలోపు వయసులో ఆపరేషనయి మళ్ళీ ఆటల్లోకి వెళ్ళినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి, ఆ మోకాలిలోనో రెండో మోకాలిలోనో, మళ్ళీ లిగమెంటు తెగింది. నెలరోజుల ఓపిక ఎంత విలువైనదో చూడండి.

తొమ్మిది నెలలు నిండితే చాలునా? చాలదు. క్యాలెండరుతో పాటు పరీక్ష కూడా నెగ్గాలి. మోకాలిలో వాపు ఉండకూడదు. పూర్తిగా చాపడం, పూర్తిగా వంచడం రావాలి. గాయపడిన కాలి తొడ బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతం ఉండాలి. ఒంటికాలిపై గెంతు వేస్తే రెండు కాళ్ళ దూరం దాదాపు సమానంగా రావాలి. వీటితో పాటు పిల్లకు తన కాలిమీద నమ్మకం కలగాలి. భయపడుతూ ఆడే పిల్లను మైదానంలోకి తోయకూడదు.

కాలికి ఆపరేషను, మనసుకు దిగులు

గాయపడిన పిల్ల పోగొట్టుకునేది ఒక్క ఆట మాత్రమే కాదు. సాయంత్రం పూట స్నేహితులు, జట్టులో చోటు, ఊళ్ళో ‘కబడ్డీ అమ్మాయి’ అన్న పేరు, క్రీడల కోటాలో సీటు వస్తుందన్న ఆశ, ఇవన్నీ ఒక్కరోజులో దూరమవుతాయి. అప్పుడు చూడవచ్చినవారు ఏమంటారు? “ఆడగుంటకి ఈ ఆటలేటి?” అని ఒకరు. “పెళ్ళి కావలసిన పిల్ల, కాలికి కత్తి పెట్టించేశారు” అని మరొకరు. “మానెయ్యమంటే విన్నావా?” అని ఇంటివారు. ఈ మాటలతో తొడ కండరం పెరగదు. పిల్ల వ్యాయామం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటుంది.

రోగులను పరామర్శించడం దయాకార్యమని చిన్నప్పుడే నేర్చుకున్నాము. పరామర్శకు వెళ్ళినవారు భయపెట్టే కథలు చెప్పకుండా పది నిమిషాలు నవ్వించి వస్తే అదే పెద్ద సాయం. తల్లిదండ్రులు “మళ్ళీ ఎప్పుడు ఆడతావు?” అని రోజూ అడగవద్దు. “ఈవేళ ఎంతవరకు వంగింది?” అని అడగండి. మొదటి ప్రశ్నకు పిల్ల దగ్గర జవాబు లేదు. రెండవదానికి ఉంది.

డ్రిల్లు మాష్టారు చేయగలిగినది చాలా ఉంది. పిల్లను జట్టునుంచి తీసివేయకండి. స్కోరు రాయించండి, చిన్నపిల్లలకు నియమాలు చెప్పించండి, జట్టు ఫోటోలో నిలబెట్టండి. మిగిలిన పిల్లలకు ఆటకు ముందు ఒళ్ళు వేడెక్కించే వ్యాయామాలు, మోకాళ్ళు వంచి మెత్తగా దిగడం నేర్పించండి. ఈ గాయాలను తగ్గించే మార్గం అదే. రెండు వారాలు దాటినా పిల్ల తినక, నిద్రపోక, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే అది సోమరితనం కాదు. డాక్టరుకు చెప్పండి.

మనవారు ఇద్దరు

ప్రకాశం జిల్లాలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంటు తెగింది. అప్పటికి ఆయన వయసు ఇరవై. ఒకటి కాదు, పలుమార్లు ఆపరేషన్లు జరిగాయి. 1996 నుంచి 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ ఛాంపియన్ అయ్యారు. 2001 మార్చిలో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. గాయానికీ ఆ గెలుపుకూ మధ్య ఏడేళ్ళు ఉన్నాయి. మనం గెలుపును గుర్తు పెట్టుకుంటాము, ఆ ఏడేళ్ళను మరచిపోతాము.

మన పొరుగున ఉన్న విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.96 సెకన్లలో ముగించి ఆసియా ఛాంపియన్‌గా నిలిచింది. కొద్ది వారాలకే శిక్షణలో మోకాలి లిగమెంటుకు గాయమై ఆపరేషను చేయించుకోవలసి వచ్చింది. ఆ సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు దూరమయింది. ఆసియా ఛాంపియన్ ప్రపంచ పోటీలనే వదులుకున్నప్పుడు, మన అమ్మాయి ఒక ఏడాది జిల్లా ఎంపికలు వదులుకుంటే తలవంపు ఏముంది?

ఇప్పుడు జవాబు

ఆరో నెలలో అమ్మాయి అడిగిన ప్రశ్నకు తిరిగి వద్దాం. ‘వద్దు’ అని కసిరితే చెప్పకుండా వెళుతుంది. ‘సరే’ అంటే మోకాలిని పందెం కాసినట్టు. పక్కన కూర్చుని ఇలా చెప్పండి: “అమ్మా, నొప్పి పోయింది, సంతోషం. మోకాలికి ఇంకా మూడు నెలలు కావాలి. డాక్టరు పరీక్షలో నెగ్గిన రోజున నేనే నిన్ను మైదానానికి తీసుకువెళతాను. ఈలోగా ఎంపికలకు వెళదాం, నీ స్నేహితులు ఆడుతుంటే చప్పట్లు కొడదాం.” ఆ తరువాత మాట తప్పకండి. ఆ రోజున నిజంగా తీసుకువెళ్ళండి.

ఒకవేళ పిల్ల మళ్ళీ ఆడలేకపోతే? కొందరికి అలాగే జరుగుతుంది. ఆడినా, ఆడకపోయినా ఆమె మీ కూతురే. ఈ తొమ్మిది నెలల్లో ఆ సంగతి ఆమెకు తెలిసేలా చేయగలిగితే, మోకాలికంటే పెద్దదాన్ని నిలబెట్టినట్టే.

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. మన ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట మన నోట వచ్చే మాట ఏది? అది ఓదార్పా, నిందా?

2. నొప్పి పోగానే మందులు, వ్యాయామాలు మానేసిన సందర్భాలు మనకు ఉన్నాయా? ఏమి జరిగింది?

3. మన వీధిలో గాయపడి ఇంట్లో కూర్చున్న ఆటగాడు గాని, ఆటగత్తె గాని ఉన్నారా? ఈ ఆదివారం వారింటికి ఎవరు వెళతారు?