టీకా వద్దన్న సహోద్యోగితో షిఫ్ట్ నడపడం

కోవిడ్ మహమ్మారి రోజుల్లో టీకా వద్దన్న మనిషితో ఊళ్లో అయితే వాదించి ఇంటికి వెళ్లిపోవచ్చు. షిఫ్ట్‌లో అలా కుదరదు. రేపు కూడా అదే కంపెనీ బస్సులో పక్క సీట్లో కూర్చోవాలి, అదే క్యాంటీన్ బల్ల దగ్గర తినాలి, సాయంత్రానికి అదే టార్గెట్ కలిసి పూర్తి చేయాలి. 2021, 2022 సంవత్సరాల్లో అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మా సిటీ, అనకాపల్లి బెల్లం మార్కెట్ లాంటి మన పని చోట్ల ఉన్న చిక్కు ఇదే. మళ్లీ ఇలాంటి జబ్బు వస్తే ఇదే గొడవ ఇదే చోట మొదలవుతుంది. ఈసారి ఉద్యోగాలు, స్నేహాలు పోగొట్టుకోకుండా దాన్ని ఎలా దాటాలో చూద్దాం.

ముందు ఒకటి విడదీసి చూడాలి. టీకా వేయించుకోవాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. వేయించుకోని మనిషి వల్ల పక్కవాళ్లకు ఎంత ప్రమాదం, దానికి పని చోట ఏం ఏర్పాటు చేయాలి అన్నది ఇంకో ప్రశ్న. మొదటిది ఆ మనిషి ఒంటికి సంబంధించినది, అక్కడ మాటతోనే పని జరగాలి. రెండోది అందరికీ సంబంధించినది, అక్కడ నియమం పెట్టుకోవచ్చు. పని చోట్ల గొడవలు ముదిరేది ఈ రెండూ కలిపేసినప్పుడే. సూపర్‌వైజర్ రెండో ప్రశ్నకు నియమం పెడుతున్నాననుకుంటాడు, వర్కర్‌కు అది తన ఒంటి మీద చేయి వేసినట్టు వినిపిస్తుంది.

సుప్రీంకోర్టు కూడా దాదాపు ఇలాగే విడదీసింది. టీకా ఆంక్షలను సవాలు చేసిన జాకబ్ పులియెల్ కేసులో 2022 మే 2న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ తీర్పు ఇచ్చారు. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, తన శరీరంపై నిర్ణయం తీసుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద మనిషికి ఉన్న హక్కని చెప్పారు. సమాజ ఆరోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని, అయితే అవి అవసరానికి తగిన మోతాదులోనే ఉండాలని కూడా చెప్పారు. టీకా వేయించుకోనివాళ్ల వల్ల వ్యాప్తి ఎక్కువని చూపించే ఆధారాలు ప్రభుత్వాలు తమ ముందు పెట్టలేదని, కేసులు తక్కువగా ఉన్నంత కాలం అలాంటి ఆంక్షలను సమీక్షించుకోవాలని సూచించారు. ఆ సూచన ప్రైవేటు సంస్థలకు కూడా వర్తిస్తుందని పేర్కొన్నారు. పరిస్థితి మారితే తగిన చర్యలు తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని కూడా రాశారు. అంటే ఇరువైపులా ఈ తీర్పులో సగమే చదివి వాదిస్తున్నారు. మీరు మొత్తం చదవండి.

ఇక అసలు విషయం, వద్దనేవాళ్లు ఎందుకు వద్దంటారు? చాలామంది మేనేజర్లు దీనికి 'అజ్ఞానం' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాటతో పని నడవదు.

2021లో జరిగింది గుర్తు చేసుకోండి. కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య ముందు 4 నుంచి 6 వారాలన్నారు. మార్చిలో 6 నుంచి 8 అన్నారు. మే 13న 12 నుంచి 16 చేశారు. గర్భిణులకు వద్దన్నారు, జులై 2న వేయవచ్చన్నారు. కొత్త జబ్బు గురించి సమాచారం పెరిగేకొద్దీ నియమం మారడం వైద్యంలో మామూలే. కానీ అది మామూలేనని లైన్‌లో నిలబడ్డ మనిషికి ఎవరూ చెప్పలేదు. జూన్‌లో వెనక్కి పంపిన గర్భిణిని జులైలో ఎందుకు రాలేదని కసిరితే ఆమెకు అనుమానం రావడంలో తప్పేముంది? ఆ ఏడాది జనవరిలో గుంటూరు జిల్లాలో టీకా తర్వాత ఒక ఆశా కార్యకర్త చనిపోవడం, ఏప్రిల్‌లో తమిళ నటుడు వివేక్ టీకా వేయించుకున్న రెండు రోజులకు చనిపోవడం అందరి ఫోన్లలోనూ తిరిగాయి. వివేక్ మరణానికి టీకా కారణం కాదని జాతీయ నిపుణుల కమిటీ తర్వాత తేల్చింది. ఆ వివరణ మాత్రం మరణ వార్త అంత దూరం వెళ్లలేదు.

నమ్మకం తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మన పక్కనే విశాఖ స్టీల్‌ప్లాంట్ నుంచి ఆక్సిజన్ రైళ్లలో వేరే రాష్ట్రాలకు వెళ్లింది. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. అదే మే నెలలో వేల మంది కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన ఇచ్చే కోవిడ్ మందు కోసం వరుస కట్టారు. ఆయుర్వేద పరిశోధకులు ఆ మందుతో హాని లేదన్నారు గానీ జబ్బు తగ్గిస్తుందని నిరూపణ కాలేదు. 'పరీక్షించిన టీకా వద్దన్నావు, పరీక్షించని మందు కోసం పరిగెత్తావు' అని సహోద్యోగిని నలుగురిలో ఎత్తిపొడిస్తే మీరు వాదనలో గెలుస్తారు, అతను మాత్రం సూదికి ఇంకో అడుగు దూరమవుతాడు. భయం ఉన్న మనిషి తనకు తెలిసినవాడి దగ్గరికి వెళ్తాడు. ఆ తెలిసినవాడు మీరు కాగలరా అన్నదే ప్రశ్న.

ఇవన్నీ ఒక ఎత్తు, కూలి ఒక ఎత్తు. ఒక ఉదాహరణ తీసుకుందాం. కుట్టుమెషిన్ల లైన్‌లో నలభై మంది ఆడవాళ్లు, వాళ్లలో ఆరుగురు టీకా వేయించుకోలేదు. హెచ్ఆర్ నుంచి రోజూ మెయిల్. సూపర్‌వైజర్ ఆరుగురినీ నిలబెట్టి అడుగుతాడు, వాళ్లు 'భయం సార్' అంటారు. విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే వేరే మాట వస్తుంది: జ్వరం వస్తే రేపు సెలవు పడుతుంది, సెలవు పడితే ఆ రోజు జీతంతో పాటు నెల అటెండెన్స్ బోనస్ కూడా పోతుంది. ఈఎస్ఐ ఉంది కదా అనకండి. ఈఎస్ఐలో జబ్బు భత్యం జీతంలో 70 శాతం ఉంటుంది గానీ సాధారణంగా మొదటి రెండు రోజులకు ఇవ్వరు. టీకా జ్వరం ఉండేదే ఒకటి రెండు రోజులు. అంటే నష్టం మొత్తం ఆమె జేబులోంచే. ఈ లెక్క వర్కర్లకు తెలుసు, నియమం రాసిన ఆఫీసుకు తెలియదు.

ఇలాంటి చోట ఉపన్యాసం అవసరం లేదు. వారాంతపు సెలవుకు ముందు రోజు షిఫ్ట్ అయ్యాక క్యాంపు పెట్టించండి. ఆ సెలవు తర్వాత కూడా జ్వరం ఉంటే దాన్ని జీతంతో కూడిన సెలవుగా, బోనస్ కోయకుండా రాతపూర్వకంగా మంజూరు చేయించండి. ముందే వేయించుకున్న ఒక సీనియర్‌ను పక్కన కూర్చోమనండి. ఇవి చేశాక కూడా ఒకరిద్దరు వద్దంటారు. వాళ్లది నిజమైన నిరాకరణ. మిగతాది పని ఏర్పాటులో లోపం, దాన్ని నిరాకరణ ఖాతాలో రాయకండి.

దుష్ప్రభావాల గురించి అడిగితే అబద్ధం చెప్పవద్దు, 'ఏమీ కాదు' అన్న మాట అసలే వద్దు. 2021 మేలో కేంద్రం స్వయంగా చెప్పింది: కోవిషీల్డ్ తర్వాత రక్తం గడ్డకట్టి ఉండవచ్చని గుర్తించిన కేసులు 26, అంటే పది లక్షల డోసులకు 0.61. చాలా అరుదు, కానీ సున్నా కాదు. ఒళ్లునొప్పులు, జ్వరం మామూలు. తీవ్రమైన అలర్జీ వస్తే ఎక్కువగా మొదటి అరగంటలోనే వస్తుంది, అందుకే అక్కడే కూర్చోబెడతారు. నెలసరి కొద్ది రోజులు అటూ ఇటూ అయి మళ్లీ సర్దుకుంటుంది. ఈ మాటలు ముందే చెప్పిన మనిషిని జ్వరం వచ్చాక కూడా నమ్ముతారు. ముందు డోసుతో తీవ్ర అలర్జీ వచ్చినవాళ్లను డాక్టర్ దగ్గరికి పంపండి, వాళ్ల మీద ఒత్తిడి వద్దు.

ఇంకో జాగ్రత్త. 'నీ వల్ల మా అందరికీ వస్తుంది' అన్న మాట మీదే మొత్తం వాదన నిలబెట్టకండి. 2022 జనవరిలో ఒమిక్రాన్ రెండు డోసులు వేయించుకున్నవాళ్లకు కూడా వచ్చింది, అందరూ చూశారు. అప్పుడు ఆ మాట మీద ఆధారపడినవాళ్లు నమ్మకం పోగొట్టుకున్నారు. టీకా గట్టిగా కాపాడేది జబ్బు ముదరకుండా, ప్రాణం పోకుండా. కాబట్టి ఆ మనిషి ఇంట్లో సంపాదించేది ఎవరు, షుగరు బీపీ ఉన్న పెద్దవాళ్లు ఎవరు, ఆసుపత్రి ఖర్చు ఎవరు మోస్తారు అన్నవి మాట్లాడండి. అవి నిజం, అవి నిలుస్తాయి. వ్యాప్తి ఆపడానికి మాస్కు, గాలి వచ్చే కిటికీ, బస్సులో దూరం, జ్వరం ఉంటే ఇంట్లోనే ఉండటం అందరికీ ఒకే నియమంగా పెట్టండి. టీకా వేయించుకున్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారా, ఆ నియమం వారంలో కూలిపోతుంది.

ఇప్పుడు, టీకా వద్దనే మీతో ఒక మాట. గేటు దగ్గర సెక్యూరిటీ 'సర్టిఫికెట్ లేకపోతే లోపలికి లేదు' అంటే అక్కడ అరవకండి, ఇంటికి వెళ్లి కూర్చోకండి. కాంట్రాక్టు వర్కర్లు ఎక్కువగా నష్టపోయేది ఈ రెండో పని వల్లే. నాలుగు రోజులు రాకపోతే మస్టర్‌లో 'పనికి రావడం మానేశాడు' అని రాస్తారు, తర్వాత అది టీకా గొడవ అని నిరూపించుకోవడం మీ పని అవుతుంది. ఆర్డర్ ఎవరిది, ఎక్కడుంది అని మర్యాదగా రాతపూర్వకంగా అడగండి. మాస్కుతో, వేరే షిఫ్ట్‌లో, టెస్ట్ చేయించుకుని పని చేయడానికి సిద్ధమని ఒక కాగితం ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపండి. తర్వాత కార్మిక శాఖ సహాయ అధికారి దగ్గరికి వెళ్లినా, యూనియన్ దగ్గరికి వెళ్లినా ఆ కాగితమే మాట్లాడుతుంది. 2021 జూన్‌లో మేఘాలయలో దుకాణదారులు, టాక్సీ డ్రైవర్లు టీకా వేయించుకుంటేనే పని చేయాలన్న ఆదేశాలను అక్కడి హైకోర్టు చెల్లవంది. అయితే దాన్ని నమ్ముకుని అన్ని చోట్లా గెలుస్తామనుకోకండి. అదే ఏడాది టీకా వద్దన్న ఒక వాయుసేన ఉద్యోగిని తొలగించామని కేంద్రం గుజరాత్ హైకోర్టుకు చెప్పింది. ఆసుపత్రి వార్డులో, వృద్ధాశ్రమంలో పని చేసేవారికి వేరే డ్యూటీ వేయడం న్యాయమే, దాన్ని శిక్ష అనుకోకండి.

నకిలీ సర్టిఫికెట్ జోలికి మాత్రం వెళ్లకండి. టీకా వద్దనడం హక్కు, ఫోర్జరీ నేరం. ఉద్యోగం, కేసు రెండూ మీ మెడకే చుట్టుకుంటాయి. నిజమైన సర్టిఫికెట్‌ను కూడా షిఫ్ట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అందులో మీ వ్యక్తిగత వివరాలు ఉంటాయి. గ్రూపులో పెట్టమని అడిగే సూపర్‌వైజర్లు దాన్ని హెచ్ఆర్‌కు విడిగా పంపమని చెప్పాలి. ఎవరు వేయించుకున్నారు, ఎవరు లేదు అన్న జాబితా గ్రూపులో పెట్టడం అయితే నేరుగా తగువు పెట్టడమే. నలుగురి ముందు పేరు చదివించుకున్న మనిషి ఆ తర్వాత మనసు మార్చుకోవాలన్నా మార్చుకోలేడు, అది పరువు సమస్య అయిపోతుంది.

ఏఎన్ఎంలు, ఆశాలు, సచివాలయ సిబ్బంది కష్టం వేరు. పైనుంచి టార్గెట్, కింద తలుపు వేసేసే ఇల్లు. 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. అలాంటి రోజుల వెనక ఎంత ఒత్తిడి ఉంటుందో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. ఆ ఒత్తిడిలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, వేయని డోసు వేసినట్టు ఎక్కించడం. వేయకుండానే వేసినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చిందన్న ఫిర్యాదులు దేశంలో పలుచోట్ల వచ్చాయి. అది బయటపడితే టార్గెట్ పెట్టిన అధికారి మీ పక్కన నిలబడడు, లాగిన్ మీది. రెండు, పింఛను ఆగుతుంది, రేషన్ ఆగుతుంది అని బెదిరించడం. 2021 అక్టోబర్‌లో తెలంగాణలో అలాంటి వార్తే పాకి, అది నిజం కాదని వైద్యశాఖ చెప్పాల్సి వచ్చింది. బెదిరిస్తే ఆ రోజు చేయి చాపుతారు, తర్వాత మీరు పిల్లల టీకాకు వెళ్లినా తలుపు తీయరు. వద్దన్న ఇంటిని వద్దన్నట్టే రాయండి, కారణం రాయండి, పది రోజుల తర్వాత మళ్లీ వెళ్లండి. గుంపుగా మీదికొస్తే వాదించకుండా వెనక్కి రండి. 2020లో సవరించిన అంటువ్యాధుల చట్టం ప్రకారం ఆరోగ్య సిబ్బందిపై దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్ల జైలు ఉంటుంది, గాయం తీవ్రమైతే ఏడేళ్ల వరకు. ఫిర్యాదు ఇవ్వడానికి మొహమాటపడకండి.

టీకా వేయించుకోవడమే మంచిదని నా స్పష్టమైన అభిప్రాయం. 2021 వేసవిలో ఆసుపత్రి పడకల కోసం తిరిగిన కుటుంబాలను చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది. అందుకే అడుగుతున్నాను. మీ చేతిలో ఒక లైన్ గానీ, ఒక షెడ్ గానీ, ఒక సచివాలయం గానీ ఉంటే, ఈసారి నోటీసు అంటించే ముందు జ్వరం సెలవు ఆర్డర్ మీద సంతకం పెట్టించండి.