చర్చా పేజీ నేర్పిన పాఠాలు

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. ఉద్యోగ విరమణ తర్వాత నేనూ అందులో చేరాను. కొత్తగా ఖాతా తెరిచిన మీకు నా తప్పులు ముందే తెలియాలని ఇవి రాస్తున్నాను.

1. మూలం లేని వాక్యం తీర్చని అప్పు.

రామప్ప గుడి గురించి రాస్తూ, శిల్పి పేరుతో వెలసిన గుడి ప్రపంచంలో ఇదొక్కటేనని ఓ వాక్యం చేర్చాను. చిన్ననాటి నుంచి విన్న మాటే కదా అనుకున్నాను. కొన్నేళ్లకు చర్చా పేజీలో ఒకరు ఆధారం అడిగారు. వెతికితే ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో దొరికింది. సంతోషంగా మూలంగా చేర్చాను. వారం తర్వాత మళ్లీ చదివితే గుండె జారిపోయింది. ఆ పేరా నాదే. ‘శాసనం’ అనబోయి నేను ‘శాశనం’ అని కొట్టిన తప్పు కూడా అందులో అలాగే ఉంది. నా మాటకు నా మాటే సాక్ష్యమైంది! గుళ్లోని శాసనం 1213 నాటిది. కట్టించినవాడు రేచర్ల రుద్రుడని చెబుతుంది. అంతవరకే రాసి ఉండాల్సింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు అందరూ సంబరపడుతుంటే, నాకు ఆ వాక్యమే గుర్తొచ్చింది.

2. రద్దు మీట నొక్కేముందు ఒక్క ప్రశ్న అడగండి.

ఒక గ్రామ వ్యాసంలో కొత్త వాడుకరి చెరువు పేరు మార్చాడు. మూలం లేదని వెనక్కి తిప్పాను. మళ్లీ రాశాడు, మళ్లీ తిప్పాను. చివరికి చర్చా పేజీలో “అయ్యా, అది మా ఊరి చెరువు” అని రాసి వెళ్లిపోయాడు. కొన్ని నెలలకు ఆ ఊరి పటం చూస్తే అతను చెప్పిందే నిజం. క్షమించమని రాశాను. జవాబు రాలేదు. వాడుకరి పేజీ లేక, మార్పుల చరిత్రలో అతని పేరు ఇప్పటికీ ఎర్రగానే ఉంది.

3. రాసి వదిలేసిన వ్యాసం పాతబడుతుంది.

రామప్ప గుడి ఉన్న పాలంపేట మొదట వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో జయశంకర్ భూపాలపల్లికి, 2019లో ములుగుకు మారింది. ఊరు మాత్రం కదల్లేదు.

4. మూస అతికిస్తే వ్యాసం బాగుపడదు.

‘శుద్ధి చేయాలి’, ‘మూలాలు లేవు’ అంటూ వందల వ్యాసాల నెత్తిన మూసలు పెట్టి, పని చేశాననుకున్నాను. వాటిలో చాలా వ్యాసాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఈ వారం ఒకటి తీసుకోండి. సందేహం వస్తే దాని చర్చా పేజీలో రాయండి, నేను రోజూ చూస్తుంటాను.