చిత్రగ్రంథాలు – ప్రాచీన వేషధారణ

ప్రాచీనుల వేషధారణను గ్రహించడానికి కావ్యాలు మాత్రమే చాలవు. శ్రీనాథుని చాటువులోని ‘కుల్లాయి’కి నిఘంటువు టోపీ అని అర్థం చెబుతుందే గాని, దాని ఆకారాన్ని చూపదు. ఆ లోటును చిత్రగ్రంథాలు తీరుస్తాయి. సి. శివరామమూర్తి రచించిన ‘విజయనగర పెయింటింగ్స్’ (1985) అటువంటిది. లేపాక్షి వీరభద్రాలయపు 16వ శతాబ్ది చిత్రాలలో పురుషులు పొడవైన కుల్లాయిలతో కనిపిస్తారు. తిరుమలలోని శ్రీకృష్ణదేవరాయల విగ్రహానికీ అటువంటి కుల్లాయే ఉంది.

అయితే చిత్రాన్ని వివేకంతో చదవాలి. లేపాక్షి చిత్రకారులు పార్వతీ కల్యాణాన్ని చిత్రిస్తూ, అందలి స్త్రీలకు తమ కాలపు చీరలనే కట్టించారు. కనుక చిత్రం తాను పుట్టిన కాలానికే సాక్ష్యం; కథాకాలానికి కాదు. పరిశోధకుడు చిత్రం కింది వివరణలో స్థలాన్ని, కాలాన్ని ముందుగా గమనించాలి. పిదప కావ్యవర్ణనతో సరిపోల్చాలి. పదం, చిత్రం ఏకీభవించినచోటనే నిర్ణయానికి బలం చేకూరుతుంది.