పాత గ్యాస్ సిలిండరు: కొనుగోలు, మార్పిడి

ఇంటి ముందరి షెడ్డులోనో, వీధి చివరి చిన్న దుకాణంలోనో గ్రిల్లులు, గేట్లు చేసి జీవించే వెల్డింగు పనివారికి గ్యాస్ సిలిండరు ఖరీదైన పనిముట్టు. పాతది తక్కువ ధరకు దొరికితే మనసు అటు మొగ్గడం సహజం. అయితే సిలిండరు కొనేవారు ఉక్కుతోపాటు దాని చరిత్రను కూడా కొంటారు. ఆ చరిత్ర సరిగా లేనిదాన్ని నియమాలు పాటించే గ్యాస్ కర్మాగారం నింపదు. నింపేవారు లేని సిలిండరు పాత ఇనుముతో సమానం. ఆ చరిత్రను తెలుసుకొనే విధానమే ఈ పాఠం.

1. ఎవరి సొత్తు?

మన దేశంలో సిలిండర్ల తయారీ, నింపడం, నిల్వ, రవాణా 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమావళికి లోబడి ఉంటాయి. దీనిని అమలు జరిపేది నాగపూరు కేంద్రంగా గల ‘పెసో’ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ప్రతి సిలిండరుకూ దాని జీవితకాలమంతా రికార్డు ఉంచడం యజమాని బాధ్యత. తయారీదారు పేరు, సిలిండరు సంఖ్య, మొదటి పరీక్ష తేదీ, తయారీదారు ఇచ్చిన పరీక్షా ధ్రువపత్రం అందులో ముఖ్యమైనవి. కొనేటప్పుడు రసీదుతోపాటు ఈ పత్రాలను కూడా అడిగి తీసుకోవాలి.

సరఫరాదారు డిపాజిట్టు తీసుకొని ఇచ్చిన సిలిండరు వాడుకదారుది కాదు. దుకాణం ఎత్తివేసినవారు ఆ తేడా తెలియక దాన్ని అమ్మివేయవచ్చు. డబ్బు చెల్లించినంత మాత్రాన అది కొన్నవారి సొత్తు కాదు. సిలిండరుపై ఏ గ్యాస్ కంపెనీ పేరైనా ఉంటే, బేరానికి ముందే ఆ కంపెనీని విచారించాలి.

2. భుజంపై అక్షరాలు

సిలిండరు మెడ కింద వంపు తిరిగిన భాగాన్ని భుజం అంటారు. తయారీదారు గుర్తు, సిలిండరు సంఖ్య, ఖాళీ బరువు, నీటి పరిమాణం, పరీక్షా పీడనం, పరీక్ష జరిగిన తేదీ అక్కడ పంచ్ చేసి ఉంటాయి. ఆక్సిజన్, ఆర్గాన్ వంటి వాయువుల ఉక్కు సిలిండర్లకు సాధారణంగా 5 సంవత్సరాలకు ఒకసారి నీటి పీడన పరీక్ష జరగాలి. గడువు దాటినదాన్ని తిరిగి పరీక్షించకుండా నింపకూడదు. పరీక్షలో ఓడినదాన్ని తిరిగి వాడే వీలు లేకుండా ధ్వంసం చేయాలి. కనుక గడువు ముగిసిన సిలిండరుకు ధర కట్టేటప్పుడు పరీక్ష ఖర్చునూ, అది ఓడిపోయే అవకాశాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఈ పరీక్ష ఎందుకు? 47 లీటర్ల ఆక్సిజన్ సిలిండరును సుమారు 150 బార్ల పీడనంతో నింపితే అందులో 7 ఘనమీటర్ల వాయువు ఇముడుతుంది. కారు టైరులోని పీడనానికి ఇది అరవై, డెబ్బై రెట్లు. లోపలి తుప్పు ఉక్కు గోడను పలుచన చేస్తే, పైన కొత్త రంగు ఎంత మెరిసినా ఆ పీడనాన్ని అది తట్టుకోలేదు. కోత, అతుకు, కాలిన మచ్చ, లోతైన సొట్ట కనిపిస్తే బేరం వదులుకోవడమే మేలు.

3. రంగు, వాయువు

పారిశ్రామిక ఆక్సిజనుకు నలుపు, ఎసిటిలీనుకు మెరూన్, ఆర్గానుకు నీలం గుర్తింపు రంగులు. రంగు మార్చడం, ఒక వాయువు సిలిండరులో మరొకటి నింపడం నిషిద్ధం.

ఎసిటిలీన్ విషయం మరింత సున్నితమైనది. దాని సిలిండరు లోపల సచ్ఛిద్ర పదార్థం, అందులో ఇంకిన ఎసిటోన్ ద్రవం ఉంటాయి. వాయువు ఆ ద్రవంలో కరిగి ఉంటుంది. లోపలి పదార్థం కుంగి ఖాళీలు ఏర్పడినా బయటినుంచి కనిపించవు. అందుచేత ఎసిటిలీన్ సిలిండరును చేతులు మారిన సరుకుగా కొనక, సరఫరాదారు నుండి అద్దెకు తీసుకోవడమే క్షేమం. దాన్ని ఎల్లప్పుడూ నిలువుగానే ఉంచాలి.

4. మార్పిడిలో జాగ్రత్త

ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకొనే పద్ధతిలో సిలిండరు మారిపోతుంది. నిన్న పరీక్ష జరిగిన సొంత సిలిండరు ఇచ్చి, రేపు గడువు తీరేదాన్ని తెచ్చుకొంటే ఆ నష్టం మనదే. సొంతది ఉన్నవారు అదే సంఖ్య గలదాన్ని నింపి ఇవ్వమని కోరాలి. మార్పిడి తప్పనిసరైతే పరీక్ష తేదీ చూసి, కొత్త సంఖ్యను రసీదుపై రాయించుకోవాలి.

ఆక్సిజన్ సిలిండరును పూర్తిగా ఖాళీ చేయక, కొంత పీడనం మిగిల్చి వాల్వు మూయాలి. అప్పుడు తేమ లోపలికి చేరదు. వాల్వుకు, రెగ్యులేటరుకు నూనె గానీ గ్రీజు గానీ తగలరాదు. ఆక్సిజన్ సమక్షంలో అవి భగ్గుమంటాయి. నిండు సిలిండరును సైకిలుపై గానీ మోటారుసైకిలుపై గానీ తరలించడం నియమ విరుద్ధం. ఇంటి వంటకు ఇచ్చిన 14.2 కిలోల సిలిండరును వెల్డింగుకు వాడడం కూడా నేరమే.

అభ్యాసం

1. మీ సిలిండరు భుజంపై ఉన్న సంఖ్యను, చివరి పరీక్ష తేదీని ఒక పుస్తకంలో రాసుకోండి. గడువు ఎప్పుడు ముగుస్తుంది?
2. మీ వద్ద ఉన్న పత్రాలు అది మీ సొంతమని చెబుతున్నాయా, అద్దెదని చెబుతున్నాయా?
3. అమ్మకందారు సిలిండరుకు కొత్త రంగు వేసి, పత్రాలు పోయాయని చెబితే మీరు ఏమి చేస్తారు? కారణం వివరించండి.