ఆపత్కాలమున ధృతి – ఆప్తవాక్య విచారము

భయము ప్రాణికోటికి సహజము. ఆకలి నిద్రలవలె అదియు జన్మతోడనే వచ్చినది. కావున భయమెఱుగనివాడు ధీరుడు కాడు. భయము కలిగినప్పుడు కూడ బుద్ధిని జాఱవిడువనివాడే ధీరుడు. 'ధృతి' యను శబ్దము ధరించుట యను అర్థము గల 'ధృ' ధాతువునుండి పుట్టినది. చెదరిపోవుచున్న మనస్సును నిలిపి పట్టుకొను శక్తియే ధృతి. మనుస్మృతి ధర్మమునకు పది లక్షణములను చెప్పుచు ధృతిని మొట్టమొదట లెక్కించినది. ధీ, విద్య, సత్యము అనునవి కూడ ఆ పదింటిలోనివే. నిలుకడగల మనస్సు లేనిచో బుద్ధి పనిచేయదు. బుద్ధి పనిచేయనిచో సత్యము గోచరింపదు. ఈ వరుసను గుర్తుంచుకొన్నచో ఆపత్కాలమున ఎట్లు నడుచుకొనవలెనో సగము తెలిసినట్లే.

2019 సంవత్సరాంతమున చైనాదేశమునందలి ఊహాన్ నగరమున బయలుదేఱిన కోవిడ్ వ్యాధి, 2020 జనవరి 30వ తేదీన భారతదేశమున, కేరళ రాష్ట్రమునందు తొలిసారిగా గుర్తింపబడెను. మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా వర్ణించెను. అంతకు ముందే, ఫిబ్రవరి మాసముననే ఆ సంస్థ మఱియొక హెచ్చరిక చేసినది. వ్యాధితోపాటు అసత్యవార్తల వెల్లువ కూడ ఒక మహమ్మారివలె వ్యాపించుచున్నదనియు, దానితో కూడ పోరాడవలసి యున్నదనియు ఆ హెచ్చరిక సారాంశము. తరువాత జరిగిన సంగతులు ఆ మాట ఎంత నిజమో నిరూపించినవి.

ఇరాన్ దేశమున, మద్యము ఈ వ్యాధిని నివారించునను వదంతిని నమ్మి, విషతుల్యమైన మిథనాల్ కలిసిన ద్రవమును త్రాగి వందలాదిమంది మరణించిరి. చిత్తూరు జిల్లాలో 2020 ఏప్రిల్ మాసమున, ఉమ్మెత్త ఈ వ్యాధికి మందని చేతిఫోనులో వచ్చిన ఒక వీడియోను చూచి నమ్మినవారు, దానితో చేసిన ద్రవమును సేవించి ఆసుపత్రి పాలైరి. అదే జిల్లాలో అంతకు రెండు మాసముల ముందే, సామాన్యమైన అస్వస్థతను కరోనాగా భ్రమించిన ఒక గృహస్థు, తన వలన ఊరివారికి కీడు కలుగునను భయముతో ప్రాణత్యాగము చేసికొనెను. ఆయనకు ఆ వ్యాధి లేదు. ఇతరులకు హాని కలుగరాదను సద్భావము గల మనిషిని వ్యాధి చంపలేదు, భయము చంపినది. సరియైన మాట చెప్పువాడు ఒక్కడు దగ్గఱ నున్నచో ఒక కుటుంబము నిలిచియుండెడిది.

కోడిమాంసము వలన వ్యాధి వచ్చునను మఱియొక వదంతి 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో కోళ్ల రైతులను తీవ్రనష్టమున ముంచినది. మాంసాహారమును విడుచుట వేఱు. అసత్యముచే ఒకని జీవనోపాధిని కూల్చుట వేఱు. మొదటిది నియమము, రెండవది హింస. తాను శాకాహారియైనంత మాత్రమున ఆ అసత్యమును పదిమందికి చెప్పువానికి పుణ్యము రాదు.

ఇట్టి సంకటములయందు మనుష్యుడు ఎట్లు ప్రవర్తింపవలెనో తెలిసికొనుటకు మహాభారతమున అరణ్యపర్వమునందలి యక్షప్రశ్నల ఘట్టము చక్కని పాఠము. దప్పికచే బాధపడుచున్న అన్నలకు నీరు తెచ్చుటకై నకులుడు సరస్సునకు వెళ్లెను. తన ప్రశ్నలకు సమాధానము చెప్పక నీరు త్రాగవలదని ఒక అదృశ్యవాణి వారించినను లెక్కచేయక త్రాగి పడిపోయెను. సహదేవుడును అట్లే పడెను. అర్జునుడు కనబడని ఆ వాణిపై బాణవర్షము కురిపించి, ఆపై నీరు త్రాగి కూలెను. భీముడును ఆ దారినే పోయెను. ఈ నలుగురికిని బలము లేక కాదు, హెచ్చరిక వినబడక కాదు. తొందర వారిని పడద్రోసినది.

చివరకు ధర్మరాజు వచ్చెను. ప్రాణసములైన నలుగురు తమ్ములు నేలపై పడియుండుట చూచి ఆయన విలపించెను. శోకింపకుండుట ధైర్యమని వ్యాసభగవానుడు చెప్పలేదు. కాని ఆ శోకము నడుమనే ధర్మరాజు విచారణ ప్రారంభించెను. శరీరములపై ఆయుధముల గాయములు లేవు. శత్రువుల అడుగుజాడలు లేవు. నీటిలో విషమున్నదా యన్నచో ముఖవర్ణము మాఱలేదు. ఇట్లు ఒక్కొక్క సంశయమును పరిశీలించి, తరువాత ఆ వాణి మాటను విని, నిలిచి, ప్రశ్నలకు ఓర్పుతో సమాధానము చెప్పెను. తుదకు తమ్ములలో ఒక్కనిని మాత్రము బ్రతికించెదనని యక్షుడు చెప్పగా, భీమార్జునులను కోరక, సవతితల్లి మాద్రికి ఒక కుమారుడు మిగులవలెనని నకులుని కోరెను. ధృతి యన్నది తన్ను తాను రక్షించుకొను ఉపాయము మాత్రమే కాదు. ఆపదలో పరుల తల్లిని కూడ స్మరింపజేయు గుణము.

ఇచ్చట ఒక ప్రశ్న కలుగును. పదివిధములుగా వినబడు మాటలలో దేనిని నమ్మవలెను? న్యాయశాస్త్రము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను అంగీకరించినది. శబ్దమనగా చెవిని పడిన ప్రతి మాటయు కాదు. ఆప్తుని ఉపదేశము మాత్రమే. న్యాయసూత్రములకు భాష్యము రచించిన వాత్స్యాయనుడు ఆప్తుడెవరో వివరించెను. విషయమును స్వయముగా సాక్షాత్కరించుకొన్నవాడు, తాను చూచినదానిని చూచినట్లే తెలుపవలెనను కోరికతో పలుకువాడు ఆప్తుడు. అంతేకాదు, ఈ లక్షణము ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు కూడ సమానమే యని ఆయన స్పష్టపఱచెను. అనగా మాట విలువ పలికినవాని కులమును బట్టి గాని, దేశమును బట్టి గాని ఉండదు. ఎఱుకను, నిజాయితీని బట్టి యుండును. మనకు బంధువైనంత మాత్రమున, మన భాష మాటలాడినంత మాత్రమున, నుదుట తిలకము ధరించినంత మాత్రమున ఎవ్వడును వైద్యవిషయమున ఆప్తుడు కాజాలడు.

దీనికి చరిత్రలో ఒక ఉదాహరణము కలదు. 1896లో బొంబాయి నగరమున ప్లేగు వ్యాపించినప్పుడు వేలకొలది జనులు నగరము విడిచి పాఱిపోయిరి. అప్పుడు రష్యా సామ్రాజ్యమున జన్మించిన యూదుడు వాల్డెమార్ హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు గ్రాంట్ వైద్యకళాశాలలో ప్లేగు టీకాను సిద్ధపఱచి, 1897 జనవరి 10వ తేదీన మొదట తన శరీరముపైననే ప్రయోగించుకొనెను. తాను పరీక్షించి చూచినదానిని లోకమునకు చెప్పుట యనగా ఇదియే. 1902లో పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున టీకా వేయించుకొన్నవారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. నింద హాఫ్కిన్‌పై పడినది. ఆయన పదవి కోల్పోయెను. సీసాను గ్రామమున తెఱచునప్పుడు కలిగిన మాలిన్యమే దానికి కారణమనియు, ప్రయోగశాలలో దోషము లేదనియు శాస్త్రజ్ఞులు వాదింపగా, 1907లో ఆయన నిర్దోషి యని అంగీకరింపబడెను. విచారణకు ముందే తీర్పు చెప్పిన లోకము తనకు మేలు చేసినవానిని అయిదేండ్లు శిక్షించినది. అట్లని జరిగిన మరణములను దాచుటయు తగదు. దాచక, తొందరపడక, కారణమును వెదకుటయే మార్గము.

ఆయుర్వేద గ్రంథమైన చరకసంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసనీయ మను అధ్యాయము కలదు. గంగాతీరమున, కాంపిల్య నగర ప్రాంతమున ఆత్రేయ మహర్షి శిష్యులతో సంచరించుచు, ఉపద్రవము రాకముందే ఓషధులను సేకరించి సిద్ధముగా నుంచుకొనుమని అగ్నివేశునకు ఉపదేశించును. అప్పుడు అగ్నివేశుడు ప్రశ్నించును: శరీరతత్త్వము, ఆహారము, బలము, వయస్సు వేఱువేఱుగా నున్న జనులు ఒక్కసారిగా ఒకే వ్యాధిచే ఎట్లు నశించుచున్నారు? గాలి, నీరు, దేశము, కాలము అనునవి అందఱికిని సమానములు గనుక అవి చెడినప్పుడు అందఱును బాధపడుదురని గురువు సమాధానము. నేటి శాస్త్రము చెప్పు వైరసును ఆ మహర్షి ఎఱిగియుండెనని వాదించుట అతిశయోక్తి యగును. ఆయన గౌరవమునకు అట్టి అతిశయోక్తి అవసరము లేదు. గ్రహింపవలసినది రెండు విషయములు. ముందుగా సిద్ధపడుట మొదటిది. అందఱు పీల్చు గాలి ఒక్కటే గనుక ఒకని జాగ్రత్త అందఱికిని రక్ష యనునది రెండవది. ఆ సంహితయే ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానములతోపాటు యుక్తిని కూడ పరీక్షాసాధనముగా చెప్పినది. పరీక్షింపక మందు మ్రింగుమని ఆ శాస్త్రము ఎచ్చటను చెప్పలేదు.

ఆస్తికులకు ఆ దినములలో ఒక సందేహము కలిగినది. దేవాలయములలో దర్శనము నిలుపుట భక్తిలోపము కాదా యని కొందఱు బాధపడిరి. తిరుమలలో 2020 మార్చి 20వ తేదీనుండి భక్తుల దర్శనము నిలిపివేయబడెను. కాని స్వామివారి నిత్యకైంకర్యములు ఏకాంతముగా జరుగుచునే యుండెను. జూన్ 8వ తేదీనుండి ప్రయోగాత్మకముగా ఉద్యోగులకు, 11వ తేదీనుండి ఇతర భక్తులకు పరిమితముగా దర్శనము తిరిగి ప్రారంభమైనది. ఆగినది జనసమూహమే గాని ఆరాధన కాదు. ఇంటనే దీపము వెలిగించి నామస్మరణ చేసినవాని నమస్కారము కొండకు చేరలేదని ఎవరనగలరు? తన దర్శనము కొఱకు వచ్చిన భక్తుడు పక్కవానికి ప్రాణాపాయము తెచ్చుటను శ్రీనివాసుడు మెచ్చునా?

అట్లే 2020 మార్చి 22వ తేదీ సాయంకాలమున దేశప్రజలు చప్పట్లు కొట్టి, గంటలు మ్రోగించిరి. అది వైద్యులకును, ఇతర సేవకులకును కృతజ్ఞత తెలుపుటకు ఉద్దేశింపబడినది. ఆ ధ్వనిచే వైరసు నశించునని కొందఱు ప్రచారము చేయగా, ప్రభుత్వ సమాచార విభాగము అది అసత్యమని ప్రకటింపవలసి వచ్చినది. కృతజ్ఞత స్వయముగా గొప్ప ధర్మము. దానికి లేని మహిమను అంటగట్టుట దానిని తగ్గించుటయే.

అన్నిటికంటె శోచనీయమైనది మృతుల విషయము. 2020 ఏప్రిల్ మాసమున చెన్నై నగరమున, వ్యాధిచే మరణించిన వైద్యుని భౌతికకాయమును ఖననము చేయనీయక గుంపు అడ్డగించి, వెంట వచ్చినవారిపై రాళ్లు రువ్వినది. కేంద్ర ఆరోగ్యశాఖ అంతకు ముందే, మార్చి 15వ తేదీననే, మృతదేహముల విషయమున పాటింపవలసిన జాగ్రత్తలను వివరించుచు, చితాభస్మము వలన ప్రమాదము లేదనియు, ఉత్తరక్రియలకై దానిని సేకరింపవచ్చుననియు తెలిపియుండెను. ఆ మాట ఎందఱి చెవిని పడినది? అసత్యము ఊరంతయు తిరుగగా సత్యము ప్రకటనపత్రమునందే ఉండిపోయినది. కన్నతండ్రి అస్థికలను తెచ్చుకొనుటకు జంకిన కుమారులను నిందించుటకంటె, వారికి ఆ నాలుగు మాటలు చెప్పలేకపోయిన విద్యావంతులు ఆలోచింపవలెను.

వ్యాధిగ్రస్తుని దూరముగా నుంచుట వేఱు, హీనముగా చూచుట వేఱు. దూరము శరీరములకు, ఆదరము మనస్సులకు. గది వాకిట అన్నము పెట్టి, వాకిటినుండియే కుశలమడిగినవారు శాస్త్రమును, ధర్మమును కూడ పాటించినవారే. వ్యాధి పాపఫలమని రోగి ఎదుట పలుకువాడు ఔషధము ఈయకపోగా విషము నిచ్చుచున్నాడు.

కావున భయకాలమున ఏ వార్త వచ్చినను నాలుగు ప్రశ్నలు వేసికొనుట మేలు. దీనిని చెప్పినవాడెవడు? అతడు స్వయముగా ఎఱిగి చెప్పుచున్నాడా, విన్నది చెప్పుచున్నాడా? దీనిని నమ్మించుట వలన అతనికి ఏదేని లాభము కలదా? ఇది అసత్యమైనచో ఎవరికి హాని కలుగును? ఈ నాలుగింటికి సమాధానము దొరకువఱకు ఆ మాటను తనయందే నిలుపుకొనవలెను. మునిమాపువేళ దూరమున కనబడునది మోడో మనిషియో తెలియనప్పుడు దగ్గఱకు పోయి చూచుట తార్కికులు నేర్పిన పద్ధతి. చూడకయే దొంగ యని కేకవేసినవాని వలన ఊరంతయు నిద్ర మానుకొనును.

అర్ధసత్యము విషయమున మఱింత జాగ్రత్త అవసరము. కురుక్షేత్రమున ద్రోణాచార్యులు పుత్రమరణవార్తను భీముడు చెప్పగా వెంటనే నమ్మలేదు. సత్యవాదియైన ధర్మరాజును అడిగెను. ఆయన ఏనుగు మాటను అస్పష్టముగా పలుకగా, సగము విన్న ఆచార్యుడు అస్త్రసన్యాసము చేసెను. యక్షుని ఎదుట నిలిచిన ధర్మరాజే ఇచ్చట తడబడెను. ఆప్తుడు కూడ మాటను పూర్తిగా, స్పష్టముగా చెప్పవలెనని, వినువాడు తుదివఱకు వినవలెనని ఈ కథ బోధించుచున్నది.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించెను. భయము కూడ సన్నగిల్లినది. ధృతిని అభ్యసించుటకు ఇట్టి ప్రశాంతకాలమే తగినది. ఆత్రేయుడు ఓషధులను సేకరింపుమన్నది ఉపద్రవము రాకముందే గదా. ప్రతి గృహమునందును పెద్దలు పిల్లలకు స్తోత్రములతోపాటు, విన్నదానిని విచారించు అలవాటును కూడ నేర్పుదురు గాక. రేపు మఱియొక ఆపద వచ్చిననాడు, భయపడిన పొరుగువాని వాకిట నిలిచి నిజమైన మాట ఒక్కటి శాంతముగా చెప్పగలవాడు ప్రతి వీధిలో ఒక్కడైనను ఉండునట్లు శ్రీనివాసుడు అనుగ్రహించు గాక.