సిసిలీ బాటలో అరబ్బీ మాటలు

ఇటలీలో కాలినడక యాత్ర అనగానే పలువురికి టస్కనీ ద్రాక్షతోటలే స్ఫురిస్తాయి. మేము మాత్రం విద్యార్థుల దృష్టిని దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపంవైపు మరల్చదలచాము. అచట పాలెర్మో నుండి అగ్రిజెంతో వరకు సుమారు 180 కిలోమీటర్ల ప్రాచీన మార్గంలో, గోధుమ చేల నడుమ, నేటికీ పాదచారులు పయనిస్తున్నారు. దారిలోని సుతేరా గ్రామంలో 'రబాతో' అనే పేట కలదు. శివారు అనే అర్థంగల అరబ్బీ పదమే అది. కల్తనిసెట్టా, కల్తబెల్లొత్తా మొదలైన ఊళ్ళ పేర్లలోని 'కల్త' ఏమిటి? గోల్కొండను చూపి మనం అనే 'ఖిలా'యే!

అరబ్బులు ఈ ద్వీపంపై దండెత్తినది 827లో. తరువాత నార్మన్ల కాలంలో, 1154లో, భూగోళవేత్త ఇద్రీసీ రెండవ రోజర్ రాజు కొరకు రచించిన గ్రంథంలో, పాలెర్మో సమీపాన గల త్రాబియాలో 'ఇత్రియా' విస్తారంగా తయారై ఓడలలో ఎగుమతి అయ్యేదని వ్రాశాడు. అది మన సేమ్యా వంటిది. పాస్తాను చైనా నుండి మార్కో పోలో తెచ్చాడనే కథ ఇక నిలువదు. అతడు జన్మించినదే 1254లో. అయితే పాస్తాను అరబ్బులే కనిపెట్టారనడానికి ఈ ఆధారం చాలదని మా అభిప్రాయం.

13వ శతాబ్దంలో రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి సిసిలీ ముస్లిములను ప్రధాన భూభాగంలోని లుచేరాకు తరలించాడు. 1300లో ఆ స్థావరమూ నాశనమైనది. మనుషులు పోయారు. నువ్వులు అద్దిన రొట్టెను బాటసారికి అందించే సిసిలీవాసి మాత్రం ఆ నువ్వులను నేటికీ 'జుజ్జులేనా' అంటాడు. అది అరబ్బీ 'జుల్జులాన్'.