మెడలో బిళ్ల: నొప్పి లేదని ఊరుకోవద్దు

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. రెండు నెలలుగా మెడకు ఎడమ పక్కన ఉసిరికాయంత బిళ్ల ఉంది. నొప్పి లేదు. రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడినా తగ్గలేదు. టీబీ కావచ్చు, మందులు మొదలుపెడదామని ఇక్కడి డాక్టరు గారు అంటున్నారు. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ముక్క పరీక్ష చేయించండి. మందుల సంగతి ఆ తర్వాత.

మెడలో బిళ్ల కట్టిందంటే క్యాన్సరేనని కాదు. పన్ను పుచ్చినా, గొంతు నొప్పి వచ్చినా, తలలో కురుపులు లేచినా బిళ్లలు కడతాయి. అవి ముట్టుకుంటే నొప్పి పెడతాయి, రెండు మూడు వారాల్లో కరిగిపోతాయి. నొప్పి లేకుండా, రబ్బరు బంతిలా గట్టిగా తగులుతూ, నాలుగు వారాలు దాటినా తగ్గని బిళ్ల వేరు. కాలర్ ఎముక పైన గుంటలో కడితే అసలు ఆలస్యం చేయకూడదు.

మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. చిక్కల్లా అనుమానంతోనే మందులు మొదలుపెట్టడంలో ఉంది. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లోనూ సాయంత్రం జ్వరం, చెమటలు, బరువు తగ్గడం ఉంటాయి. నెలల తరబడి టీబీ మాత్రలు మింగి, అప్పుడు మా దగ్గరికి వచ్చే పిల్లల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. స్టెరాయిడ్లయితే ఇంకా ప్రమాదం. బిళ్ల కరిగినట్టే కరిగి, పరీక్షకు కూడా అంతుచిక్కకుండా పోతుంది.

అబ్బాయిని అడగండి: రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమట పడుతోందా? కారణం లేకుండా 100.4 డిగ్రీలు దాటి జ్వరం వస్తోందా? ఆరు నెలల్లో పదో వంతు బరువు, అంటే 60 కిలోల మనిషి 6 కిలోలు, తగ్గాడా? దద్దుర్లు లేకుండా ఒళ్లంతా దురదా? ఇవేవీ లేకపోయినా లింఫోమా లేదనలేం. రక్త పరీక్ష బాగుందని ధైర్యపడనూ కూడదు. ముఖం ఉబ్బినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

సూది పరీక్ష ఒక్కటే చాలదు. లింఫోమాను తేల్చాలంటే వీలైతే బిళ్ల మొత్తం తీసి చూడాలి. చిన్న ఆపరేషనే. ముక్క తీస్తే లింఫోమా పాకుతుందన్నది వట్టి అపోహ. అదే ముక్కలో టీబీని కూడా వెతుకుతారు, అందుకే రెండు పరీక్షలకూ పంపమని గుర్తుచేయండి.

ఒకవేళ హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలినా కుంగిపోవద్దు. ఈ వయసు వాళ్లలో తరచుగా కనిపించే రకం అదే. తొలి దశలో పట్టుకుంటే నూటికి తొంభై మంది దాకా నయమవుతారు.

ఈ వారంలోనే సర్జన్‌కో, ఈఎన్‌టీ డాక్టరుకో చూపించండి. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు, పాత రిపోర్టులు, వాడిన మందుల చీటీలు అన్నీ వెంట తీసుకెళ్లండి.